ఐలవ్వ పేరు మీద బిడ్డ

చెన్నూరుకు మూడు కోసుల దూరంలో సాలెగూడెం అని చిన్న ఊరు. నలభై గడపల్లో ముప్పై నేతవాళ్లవే. ఆ ఊళ్లో మగ్గం మీద కూర్చున్న మొదటి ఆడమనిషి ఐలవ్వ. తన పేరు మీద బిడ్డను రాయించుకున్న మొదటి ఆడమనిషి కూడా ఆమే. ఈ రెండింటి వెనుకా ఆమె అత్త పోశవ్వ ఉంది కాబట్టి, ఒకరి కథ చెబితే రెండోవారిది కూడా చెప్పక తప్పదు.

ఐలవ్వకు పదమూడో ఏట పెళ్లయింది. భర్త అంతయ్య మంచి నేతగాడు, తక్కువ మాట్లాడే మనిషి. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఊరికి గత్తర, అంటే కలరా, వచ్చింది. ఒక పొద్దున మగ్గం మీద కూర్చున్నవాడు మరునాటి పొద్దుకు లేడు. అప్పటికి ఐలవ్వకు ఇరవై రెండేళ్లు. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్లు ఇద్దరే.

దినాలు కాగానే ఐలవ్వ అన్న బండి కట్టుకొని వచ్చాడు.

"నడువు చెల్లె. మారుమనువు జేస్తం. గింత చిన్న వయసుల ఒక్కదానివి ఎట్లుంటవ్?"

"ఒక్కదాన్ని యాడున్న అన్నా? అత్త ఉన్నది గదా. నేను బండెక్కితే ఆమె ఒక్కతైతది," అంది ఐలవ్వ.

బండి ఖాళీగా వెనక్కి పోయింది. పోశవ్వ ఆ పూట కోడలి అన్నంలో మామూలు కంటే ఎక్కువ నెయ్యి వేసింది.

మగ్గం మీద అంతయ్య సగం నేసిన చీర అట్లాగే ఉంది. కండెలకు దారం చుట్టడం, నూలుకు గంజి పెట్టడం ఆడవాళ్ల పని. మగ్గం గుంటలో కాళ్లు పెట్టేది మగవాళ్లే. తొమ్మిదేళ్లు భర్త పక్కన కూర్చొని చూసిన కళ్లతో ఐలవ్వ ఒకరోజు గుంటలోకి దిగింది. అడ్డదారాన్ని మోసే నాడె విసిరితే దారం తెగింది. ముడివేసి మళ్లీ విసిరింది. సాయంత్రానికి జానెడు నేసింది. అంచు పాము పాకినట్టు వంకర్లు పోయింది.

కులపెద్దలు ముగ్గురు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. "పోశవ్వా, ఆడది మగ్గమెక్కుడు యాడన్న ఉన్నదా?"

పోశవ్వ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "మగ్గానికి మీసాలు గావాల్నా? నేసేది ఎవలో నూలుకు ఎర్కైతదా? మీకు చీర గావాలంటే కూసోండ్రి, వద్దంటే పోండ్రి."

ఆ వంకర అంచు చీరను ఎవరూ కొనరని తెలిసి పోశవ్వే కట్టుకుంది. కట్టుకొని అంగడికి పోయి, కనపడిన ప్రతివాళ్లకూ కొంగు చూపించింది. "నా కోడలు నేసింది. ఎట్లున్నది?" అని అడిగితే బాగాలేదనే ధైర్యం ఎవరికుంటుంది? రెండేళ్లు తిరిగేసరికి ఐలవ్వ అంచు గీత గీసినట్టు వచ్చేది. నేత సహకార సంఘం పెట్టినప్పుడు కార్యదర్శి రామచంద్రం ఆమె పేరు కూడా సభ్యుల్లో రాశాడు. సంఘంలో వేలిముద్ర వేయడం నామోషీగా తోచి, ఐలవ్వ ఆయన దగ్గరే తన పేరులోని మూడక్షరాలు నేర్చుకుంది.

అట్లా ఎనిమిదేళ్లు గడిచాయి. ఉప్పు దగ్గర, పొయ్యి ఊదడం దగ్గర అత్తాకోడళ్లు పోట్లాడుకునేవారు. పోట్లాట అయిపోగానే ఒకే కంచంలో తినేవారు.

ఐలవ్వకు ఒక చెల్లెలుండేది, అనసూర్య. ఆమె భర్త లక్ష్మీరాజం మగ్గం వదిలేసి బెల్లంపల్లి బొగ్గుగనుల్లో పనికి కుదిరాడు. పెళ్లయిన నాలుగేళ్లకు అనసూర్యకు కాన్పయింది, ఆడపిల్ల. తొమ్మిదో రోజున బాలింతకు జ్వరం వచ్చింది. పోస్టుకార్డు అందుకొని ఐలవ్వ మంచిర్యాలకు బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో వెళ్లేసరికి అంతా అయిపోయింది. గని కార్మికుల ఇళ్ల లైన్లలో పక్కింటి ఆమె తన బిడ్డతో పాటు ఈ పసిగుడ్డుకూ పాలిస్తోంది.

లక్ష్మీరాజం గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "వదినె, నేను గనిలకు దిగుతే పొల్లను ఎవలు జూస్తరు? మా అవ్వ లేకపాయె, మీ అవ్వ లేకపాయె."

"నేను లేనా?" అంది ఐలవ్వ. ఆ మాట ఆలోచించి అన్నది కాదు. అన్నాక వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

చేతుల్లో బిడ్డతో ఇల్లు చేరిన కోడల్ని చూసి పోశవ్వ, అనసూర్య పోయినందుకు కోడలితో పాటు ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకొని అసలు సంగతి తీసింది.

"తెచ్చినవ్, మంచిదే. గని పెంచుకుంటే మగపిలగాన్ని పెంచుకోవాలె బిడ్డా. రేపు మనల కట్టెలమీదికి మోసెటోడు గావద్దా? నేనైతే గీ పొల్లను ముట్టను. ముట్టుకుంటే మాయ తగులుతది."

నాలుగు రోజులు నిజంగానే ముట్టలేదు. ఐలవ్వ ఊళ్లోని బాలింతలను బతిమాలి పాలు పట్టించుకొచ్చేది. ఐదో రోజు పోశవ్వ ఎవరికీ చెప్పకుండా అంగడికి పోయి, పొద్దుగూకే వేళకు ఒక పాడిమేకను లాక్కుంటూ వచ్చింది.

"మేక ఎందుకత్తా?"

"నా మోకాళ్ల నొప్పులకు మేకపాలు మంచియన్నరు. జర గిన్నె పట్టుకరా."

ఆ మేకపాలు పోశవ్వ ఒక్క చుక్క తాగలేదు. కాచి, నీళ్లు కలిపి, ఉగ్గుగిన్నెతో బిడ్డకు పట్టింది. పట్టాలంటే ఒడిలో వేసుకోవాలి కదా! వేసుకుంది. మరి దింపలేదు.

మూడో నెలలో బిడ్డకు జ్వరం కాస్తే, తగ్గితే నీ గుడికి తెస్తానని వేములవాడ రాజన్నకు మొక్కిందీ పోశవ్వే. అందుకే రాజేశ్వరి అని పేరు పెట్టారు. పిలిచేది మాత్రం రాజి అనే. రాజి పాకుతూ వచ్చి నూలు చిక్కుచేసేది. కండెల గంప బోర్లించి అందులో తలపెట్టేది. ఐలవ్వ కోప్పడితే పోశవ్వ అడ్డం వచ్చేది.

"నూలు మళ్ల చుట్టుకోవచ్చు. పొల్లను ఏడిపిస్తవా?"

"ముట్టుకుంటే మాయ తగులుతదంటివి గదత్తా?"

"నేనెప్పుడన్న? నీకు చెవులు సరిగ్గ లేవు."

రాజికి మొదట వచ్చిన మాట 'బాప'. తండ్రిని బాపు, తండ్రి తల్లిని బాపమ్మ అనడం అక్కడి వాడుక. బాపు లేని ఇంట్లో బాపమ్మ ఉందని పోశవ్వ ఊరంతా చెప్పుకొని మురిసింది.

రాజికి ఏడాది దాటాక బెల్లంపల్లి నుంచి కబురు వచ్చింది. లక్ష్మీరాజం మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అమ్మాయి పేరు కమలవ్వ, మందమర్రి పిల్ల. ఐలవ్వ మంచిదే అనుకుంది. పోశవ్వకు మాత్రం అన్నం సయించలేదు.

"రేపు ఆయనకు ఇల్లు కుదురుతది. నా బిడ్డను నాకియ్యుండ్రని వస్తే ఏమంటవ్? మనకేం హక్కున్నది?"

ఐలవ్వ నూలు తేవడానికి సంఘానికి పోయినప్పుడు రామచంద్రాన్ని అడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని చెప్పాడు.

"రెండేండ్ల కింద కొత్త కానూన్ వచ్చిందవ్వా. ఎన్కట కొడుకునే దత్తత తీసుకోవాలె, అదీ మొగని పేరుమీదనే. ఇప్పుడు గట్ల లేదు. భర్త లేని ఆడమనిషి తన పేరుమీదనే తీసుకోవచ్చు. ఆడపిల్లనైనా తీసుకోవచ్చు. తండ్రి వచ్చి తన చేతుల్తోని ఇయ్యాలె. దాన్ని కాయిదం రాసి రిజిస్టర్ జేపిస్తే ఇగ ఫికరే లేదు."

ఐలవ్వ ఆ మాటలు దారి పొడుగునా మళ్లీ మళ్లీ అనుకుంటూ ఇల్లు చేరింది. తన పేరు మీద. ఆ ఇంట్లో ఏదైనా తన పేరు మీద ఉండొచ్చని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

రామచంద్రం చేత ఉత్తరం రాయించింది. లక్ష్మీరాజం ఒప్పుకొంటూ జవాబిచ్చాడు. దసరా వెళ్లిన ఐదో రోజుకు వస్తానన్నాడు. అన్నట్టే వచ్చాడు, వెంట కమలవ్వను తీసుకొని. పందొమ్మిదేళ్ల పిల్ల, చేతిలో చిన్న రేకుపెట్టె. కాళ్లు కడుక్కొని కూర్చోగానే పెట్టె తెరిచి నాలుగు పసిపిల్లల గౌన్లు తీసింది. తన చేత్తో కుట్టినవి. ఐలవ్వ వాటిని లెక్కపెట్టింది. ఒక్క పూటకు వచ్చిన మనిషి నాలుగు గౌన్లు తెస్తుందా?

కమలవ్వ తలదించుకునే చెప్పింది. "అక్కా, నేను కాయిదానికి రాలే. పిల్లను తీస్కపోదామని వచ్చిన."

లక్ష్మీరాజం ఉలిక్కిపడ్డాడు. "నాకు గిది తెల్వది వదినె. ఒట్టు!"

"నీకు చెప్పలే. చెప్తే తోల్కరాకపోదువు," అంది కమలవ్వ. "మా లైన్లల్ల ఏమంటున్నరో ఎర్కేనా అక్కా? సవతితల్లి ఇంట్ల అడుగు పెట్టంగనే పొల్లను దత్తతకు తోలిచ్చిందంటున్నరు. నేను ఇంకా పొల్ల మొఖమే చూడలే. అప్పుడే నాకు పేరు పడ్డది."

ఐలవ్వ లేచి లోపలికి వెళ్లి మగ్గం మీద కూర్చుంది. నాడె చప్పుడు వినిపించలేదు. వాకిట్లో పోశవ్వ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, కమలవ్వను కిందికీ మీదికీ చూసింది.

"ముందుగాల అన్నం తిను. తిన్నంక కొట్లాడుదాం. ఆకలితోటి కొట్లాడితే గెలిచినట్టుండది."

అన్నం తిన్నారు. కొట్లాట మాత్రం జరగలేదు, ఎందుకంటే రాజి కమలవ్వ గాజులు పట్టుకొని వదల్లేదు. కమలవ్వ కాళ్లు చాపి, పిల్లను కాళ్లమీద పడుకోబెట్టుకొని నూనె రాసి స్నానం చేయించింది. ఎంతో అలవాటున్న చేతులు. రాజి ఏడవకపోగా కిలకిలా నవ్వింది. ఐలవ్వ గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. పిల్ల ఏడ్చి ఉంటే తనకు తేలికగా ఉండేదేమో. కొత్త గౌను వేసి బొట్టు పెట్టేదాకా ఆగి, దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నీ చేతుల పిల్ల మంచిగుంటది కమలా. అబద్ధం చెప్తే నా నోరు పడిపోతది. ఒక్క మాట అడుగుత, చెప్పు. నీకు పిల్ల గావాల్నా, పేరు గావాల్నా?"

కమలవ్వ కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"నన్ను సాది పెంచింది సవతితల్లే అక్కా. ఎంత మంచిదో! నాకు జడ వెయ్యంది తను బువ్వ తినకపోయేది. మూడో తరగతి దాక సదివిచ్చింది. గని నాకు దగ్గొచ్చినా, నేను కిందపడ్డా, 'సవతితల్లి గదా' అనేటోళ్లు. చచ్చేదాక ఆమెకు మంచిపేరు రాలే. నాకు గూడ గట్లనే అయితదని భయమైంది."

ఇంతలో రాజి ఆమె ఒడిలోంచి జారి, తప్పటడుగులు వేసుకుంటూ మగ్గం దగ్గరికి పోయింది. గుంట అంచున నిలబడి ఖాళీ పీట మీద చేత్తో తట్టింది. ఐలవ్వ అక్కడ లేదని తిరిగి చూసి, అమ్మను పిలుస్తూ "అవ్వా" అని కేక పెట్టింది. నేసే వేళైంది, ఎందుకు కూర్చోలేదని అడిగినట్టుగా ఉంది ఆ కేక. పోశవ్వ పకపకా నవ్వింది. కమలవ్వకు కూడా ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నాకు పేరే గావాలె అక్కా," అంది చివరికి. "పిల్ల నీదే."

"అట్లయితే నీ పేరు పోకుండ నేను జూస్త. కాయిదం మీద సాక్షి సంతకం నువ్వే పెట్టాలె. పిల్లను ఇచ్చినప్పుడు నువ్వు పక్కన ఉన్నవని, నీకిష్టమేనని అందరికీ ఎర్కైతది. నువ్వు ఎల్లగొట్టినవని ఎవలన్న అంటే, పోయి కాయిదం సదువుకొమ్మను."

"నాకు సంతకం వస్తది!" అంది కమలవ్వ వెంటనే.

మరునాడు పొద్దున వాకిలి అలికి ముగ్గేశారు. కులపెద్దలు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒకప్పుడు మగ్గం సంగతి అడగడానికి వచ్చిన పెద్దమనిషి కూడా వచ్చాడు. పోశవ్వ చూపు తప్పించుకొని వెనక కూర్చున్నాడు. ఐలవ్వ తాను నేసిన కొత్తచీర కట్టుకొని చాప మీద కొంగు పరిచింది. లక్ష్మీరాజం బిడ్డను ఎత్తుకున్నాడు. చెప్పాల్సిన మాటలు రామచంద్రం రెండుసార్లు నేర్పాడు కానీ, పిల్ల ముఖం దగ్గరగా చూసేసరికి అతనికి అనసూర్య గుర్తొచ్చినట్టుంది. కమలవ్వ అతని భుజం మీద చేయి వేసింది.

"వదినె..." అన్నాడు. "నీ బిడ్డ. ఇస్తున్న."

"తీసుకుంటున్న," అంది ఐలవ్వ. ఒడిలో రాజి బరువు రోజూ ఉండేదే. అయినా ఆమె రెండు చేతులతో గట్టిగా పొదివి పట్టుకుంది.

తర్వాత బండి కట్టించుకొని అందరూ తాలూకాలోని రిజిస్ట్రేషను ఆఫీసుకు పోయారు. రామచంద్రం రాసిన కాగితాన్ని అక్కడి గుమస్తా చదివి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి చూశాడు.

"దత్తత అంటే కొడుకును గదా తీస్కునేది? బిడ్డను దత్తత తీస్కునుడేంది? దాని మీదికెల్లి ఆడమనిషి పేరు! మొగోళ్లు ఎవలూ లేరా మీ ఇంట్ల?"

"మేక గూడ ఆడదే మా ఇంట్ల," అంది పోశవ్వ.

గుమస్తాకు ఏమనాలో తోచక లోపలికి పోయి రిజిస్ట్రారును పిలుచుకొచ్చాడు. ఆయన కృష్ణా జిల్లా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినాయన. నెమ్మది మనిషి. బీరువాలోంచి చట్టం పుస్తకం తీసి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి చదువుకున్నాడు.

"చట్టం మారి రెండేళ్లయిందయ్యా. ఈవిడ స్వయంగా తీసుకోవచ్చు. ఆడపిల్లను కూడా తీసుకోవచ్చు. నాకు కూడా ఇలాంటిది రావడం ఇదే మొదటిసారి," అన్నాడు.

పోశవ్వ కోడలి చెవిలో అడిగింది. "ఏమంటుండు?"

"అయితదంటుండు."

రిజిస్ట్రారు పోశవ్వ వైపు తిరిగాడు. "మీరు పాపకు ఏమవుతారండీ?"

అంత పెద్ద ఆఫీసరు 'అండీ' అంటాడని అనుకోని పోశవ్వ, తన వెనక ఎవరున్నారో అని తిరిగి చూసింది. ఎవరూ లేరు. కొంగు సర్దుకుంది. "నేను బాపమ్మను."

"అంటే?"

"తండ్రికి తల్లిని. తండ్రి లేడు. తల్లిని నేనున్న."

"నాయనమ్మగారన్నమాట," అని ఆయన నవ్వాడు. ఆ తర్వాత లక్ష్మీరాజాన్ని అడిగాడు, ఇష్టపూర్వకంగానే ఇస్తున్నావా అని. ఐలవ్వను అడిగాడు, ఇష్టపూర్వకంగానే తీసుకుంటున్నావా అని. ఇద్దరూ అవునన్నారు. ఐలవ్వ కలం పట్టుకొని తన మూడక్షరాలూ రాసింది. ఒత్తు దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగింది. సాక్షుల చోట రామచంద్రం సంతకం చేశాక కమలవ్వ వంతు వచ్చింది. ఆమె గుండ్రంగా తన పేరు రాసి, ఎవరూ ఆపేలోపే పక్కన 'మూడో తరగతి పాసు' అని కూడా రాసింది. గుమస్తా చేయి అడ్డం పెట్టబోయాడు.

"ఉండనివ్వవయ్యా. పాసయిందిగా," అన్నాడు రిజిస్ట్రారు.

అందరివీ అయ్యాయని కాగితం తీయబోతుంటే పోశవ్వ ముందుకొచ్చింది. "నాదేది?"

"ఇద్దరు సాక్షులు చాలండి."

"పాలు బోసింది నేను, మొక్కు మొక్కింది నేను. నాది లేకుంటే గది ఏం కాయిదం?"

రిజిస్ట్రారు కాగితం మళ్లీ బల్ల మీద పెట్టి, సిరాగుడ్డ ముందుకు జరిపాడు. పోశవ్వ వేలిముద్ర అన్నిటికంటే నల్లగా పడింది.

బయటికి వచ్చి మిఠాయి దుకాణం ముందు నిలబడి జిలేబీ తిన్నారు. రాజి తన ముక్కను కమలవ్వ కొత్త చీరకు పూసింది. లక్ష్మీరాజం, కమలవ్వ అటునుంచి అటే బెల్లంపల్లి పోవడానికి మంచిర్యాల బస్సు ఎక్కారు. బస్సు కదిలేముందు కమలవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "ఎండకాలం తోల్కరా అక్కా! నన్ను చిన్నవ్వ అనుమను!"

ఆ మాట వృథా పోలేదు. ప్రతి ఎండాకాలం రాజి బెల్లంపల్లిలో పదిహేను రోజులు ఉండి వచ్చేది. కమలవ్వకు ఇద్దరు కూతుళ్లు పుట్టారు. ముగ్గురికీ ఒకే తాను గుడ్డతో గౌన్లు కుట్టేది. లైన్లలో ఆమెకు మంచిపేరే వచ్చింది. అయితే అది కాయిదం వల్ల కాదనీ, ఆమె గౌన్లు బాగా కుడుతుందని తెలియడం వల్లేననీ లక్ష్మీరాజం ఏడిపించేవాడు. పోశవ్వ డెబ్బై దాటినా చెవులు తప్ప అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఐలవ్వను చూసి సాలెగూడెంలో మరో నలుగురు ఆడవాళ్లు మగ్గం ఎక్కారు. సంఘంవాళ్లు ఆమెను కార్యవర్గంలోకి తీసుకున్నారు.

పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో రాజికి పదకొండో ఏడు. ఆ ఎండాకాలం బెల్లంపల్లి నుంచి వచ్చి బస్సు దిగుతూనే ఫిర్యాదు మొదలుపెట్టింది.

"అవ్వా, చిన్నవ్వ తలకు గిన్ని కుంకుడుకాయలు పోసింది. కండ్లు మండినయ్. ఏడిస్తే, మీ అవ్వకు చెప్పుకో పో అన్నది."

"మరి చెప్పినవ్ గదా," అంది ఐలవ్వ, ఆమె చేతిలోని సంచీ అందుకుంటూ. "జడ మంచిగేసిందా?"

"మంచిగనే ఏసింది."

పక్కన నిలబడ్డ పోశవ్వకు ఏమీ వినిపించలేదు. "ఏమంటుందె పొల్ల?" అని గట్టిగా అడిగింది.

"ఆకలైతుందంటున్న," అని అంతకంటే గట్టిగా అరిచింది రాజి. ముగ్గురూ ఊరి దారి పట్టారు.